మర అరిగిన చోట

కౌన్సెలింగ్ కాగితం మడత విప్పి
మా మేనకోడలు షాహిన అడిగింది:
"మామూ, నువ్వు అన్ని కాలేజీలూ తిరుగుతావుగా,
ఏది మంచిదో చెప్పు."

తిరుగుతాను. ముప్పై ఏళ్లుగా అదే పని.
సంచిలో సన్న స్క్రూడ్రైవర్లు, జైలీన్ సీసా,
ఉతికి ఉతికి మెత్తబడ్డ మల్లు గుడ్డ.
మైక్రోస్కోపులు బాగుచేసేవాడికి
గుంటూరూ బెజవాడా రెండూళ్లు కావు,
ఒక పాసింజరు బండికి అటు చివరా ఇటు చివరా,
మధ్యలో మంగళగిరి దగ్గర చిన్న కునుకు.

నేను చదివింది పది. అదీ రెండోసారికి.
అయినా ఏ ప్రిన్సిపాలు గది ముందు ఎంతసేపు నిలబెడతారో,
ఏ క్యాంటీను బజ్జీలో వాము దట్టిస్తారో,
ఎక్కడి అటెండరు తన టీలో సగం నాకు వంపుతాడో
నాకు తెలిసినంత ఏ ర్యాంకుల పట్టికకీ తెలీదు.

బెజవాడలో కొండ కింద ఒక కాలేజీ ఉంది.
చెట్లు చూడాలంటే అక్కడికే వెళ్లాలి.
నిద్రగన్నేరు పూలు మెట్ల నిండా రాలి
చెప్పులు విప్పి నడవాలనిపిస్తుంది.
ఆ నీడకే సగం మార్కులు వేసేశాను.
పైకెళ్లి బీరువా తెరిస్తే
పన్నెండు మైక్రోస్కోపులు, పన్నెండు గుడ్డ ముసుగులు,
ప్రతి కటకం మీదా బూజు.
"వాడితే పాడవుతాయని తాళం వేశాం" అన్నారు మేడం.
తాళం లోపలే పాడయ్యాయవి.

బ్రాడీపేట అయితే పేట పేటంతా కాలేజీ.
లైనుకో జిరాక్సు, అడ్డరోడ్డుకో మెస్సు,
మెస్సు గోడ మీద గోంగూర ఏ రోజో రాసిన అట్టముక్క.
అక్కడి ల్యాబుల సంగతి అడక్కు,
నేనెక్కువగా అట్టముక్కే చదివాను.

హైవే పక్కన అద్దాల భవనంలో
యాభై మైక్రోస్కోపులు, పాలిథీన్ తొడుగు తియ్యనివి.
తెల్లారితే తనిఖీ అని నన్ను పిలిపించారు.
"బాగుచేసేదేం లేదు, తుడిచి బిల్లిచ్చి వెళ్లండి."
అంత కూలి ఎక్కడా ముట్టలేదు.
ఆ రాత్రి అన్నం సయించలేదంటే అబద్ధం,
బిర్యానీ తిన్నాను.

ఇక నల్లపాడు దాటాక ఒకటుంది.
గేటుకి ఒక్క తలుపే, రెండోది ఎప్పుడో పోయింది.
ఉన్నవి నాలుగు. నాలుగూ రోగిష్టివే.
ఒకదాని మర అరిగి అరిగి
పాత అర్ధరూపాయిలా వేళ్ల కింద జారిపోతోంది.
కటకం చుట్టూ గట్టిపడ్డ నూనె,
అడుగున కంపాసుతో గీకిన రోల్ నంబర్లు.
బాటనీ దేవసహాయం సారు
ఆపరేషన్ గది బయట మనిషిలా నిలబడ్డారు:
"రేపు ప్రాక్టికల్స్ బాజీ గారూ, ఒక్కటైనా నడవాలి."

మూడు నడిచాయి.
ఒక పిల్ల ఉల్లిపొర గాజుపలక మీద పరిచి తెచ్చి
"ముందు మీరు చూడండి" అంది.
ముప్పై ఏళ్లుగా ఆ గొట్టంలో నేను చూసింది
దుమ్ము, గీత, పగులు.
కింద ఏముందో చూడమన్నవాళ్లు లేరు.
చూశాను.
పరీక్షల ముందు రాత్రి హాస్టలు గదుల్లా
వరసలు వరసలుగా,
గదికో చుక్క వెలిగించుకుని.

అందుకని షాహినా,
ఫొటోలు చూడకు, బస్సుల లెక్క అడక్కు.
ల్యాబు చూపించమను. మర తిప్పి చూడు.
కొత్తగా మెరుస్తూ బిగుసుకుంటే వచ్చెయ్.
అరిగి జారిపోతే
అక్కడే కూర్చుని ఫీజు కట్టు.

అంతా విని, పెన్ను కొరికి, ఏదో రాసింది.
తొంగి చూస్తే మొదటి ఆప్షను
కొండ కింది కాలేజీ.
"చెట్లు బావుంటాయన్నావుగా మామూ!"

అన్నాను, నిజమే.
చేరాక ఒక మాట చెప్పాలి దానికి:
ఆ బీరువా తాళంచెవి
అటెండరు కోటయ్య దగ్గర ఉంటుంది,
టీ ఇప్పిస్తే ఇస్తాడు.